ఆయిల్ ఎవరు పోస్తున్నారు

అతన్ని అందరూ పెద్దల్లుడనే పిలిచేవారు. ఇంట్లోవాళ్ళు అలా పిలిచారంటే అర్థముంది. గడ్డి కోయించుకునేవాళ్ళు, పెట్రోలు బంకులో పనిచేసేవాళ్ళు, వీధి చివర టీ కొట్టు మనిషి కూడా అలాగే పిలిచేవారు. ఇదంతా మామగారి పుణ్యం. ఆయన పచ్చిక ఈ చివర నిలబడి, ఆ చివర ఉన్న అల్లుడితో "పెద్దల్లుడూ! ఆ మూల వదిలేశావ్!" అని అరిచే అరుపులు విని జనం అతని పేరే అదనుకున్నారు. పోనుపోనూ ఫోను మోగితే తనే, "హలో, పెద్దల్లుణ్ణండీ" అనడం అలవాటు చేసుకున్నాడు.

ఈ పనిలోకి రాకముందు అతను బట్టలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టాడంటే చివరిదాకా ఒకే కోత. మనిషి నిదానస్తుడు, మాట తక్కువ. కొన్నాళ్ళకి జనం కుట్టించుకోవడం మానేసి కుట్టినవి కొనుక్కోవడం మొదలుపెట్టారు. షాపాయన బోర్డు దించేశాడు. అతను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే మామగారే కబురుపెట్టాడు.

"కత్తిరించడమేగా అల్లుడూ! గుడ్డైతేనేం, గడ్డైతేనేం. వచ్చెయ్."

మామగారికి కొడుకుల్లేరు. ఉన్నది ఇద్దరు కూతుళ్ళూ, ఒక వ్యానూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు గడ్డి మిషన్లూ. వయసంతా ఆ మిషన్ల హోరులోనే గడిచిపోయి ఆయనకి చెవులు దాదాపు పోయాయి. చెవులకి ఏమన్నా పెట్టుకోమంటే "మిషన్ ఏం చెప్తోందో వినాలి కదయ్యా" అనేవాడు. చివరికి ఆ మిషన్ తప్ప ఇంకేదీ వినపడని స్థితికి వచ్చాడు.

పెద్దల్లుడికి పచ్చిక నచ్చింది. తడి ఆరిన నేల మీద మిషన్ తోసుకుంటూ వెళ్తే వెనకాల చార పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు దాని పక్కనే ఇంకో చార, ముదురు పచ్చ ఒకటి, లేత పచ్చ ఒకటి. అతని చారలు స్కేలు పెట్టి గీసినట్టుండేవి. నచ్చనిదల్లా మిషన్లు. కత్తెరకి తాడు లాగక్కర్లేదు, పెట్రోలు పొయ్యక్కర్లేదు. బల్ల మీద పెట్టినచోటే ఉంటుంది, చేతిలోకి తీసుకోగానే కోస్తుంది. ఈ మిషన్లు అలా కాదే! నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా నడిచింది ఇవాళ పొద్దున్న మొరాయిస్తుంది. తాడు లాగి లాగి భుజం ఊడొచ్చేలా ఉన్నప్పుడు ఒకసారి "డుబ్" మంటుంది, ఆశపెట్టి మళ్ళీ చచ్చిపోతుంది. అవి కావాలనే చేస్తున్నాయని అతని గట్టి నమ్మకం. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి, మిషన్లతో మాత్రం పళ్ళు కొరుక్కుంటూ మాట్లాడేవాడు. ఒక్కోసారి తన్నేవాడు కూడా.

చిన్నల్లుడి సంగతి వేరు. అతనికి నోరు మూతపడదు. వ్యాను ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కబుర్లే. పనులు పట్టుకురావడం, ఖాతాదారుల్ని నవ్వించడం, పాత సామాన్ల సంతల్లో మిషన్లు ఏరి కొనుక్కురావడం అతని వంతు. "అన్నయ్యా, కొత్తదానికేం తక్కువ కాదు, రంగు ఒక్కటే పోయింది" అని ఏదో ఒకటి తెచ్చేవాడు. తెచ్చిన వారానికి దాని చక్రమో గొట్టమో ఊడేది.

ఆ ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. చిన్నల్లుడికి ఇది రెండో పెళ్ళి. మొదటిది ఏడాది కూడా నిలవలేదు. ఎందుకు నిలవలేదో మామగారు అడగలేదు, అత్తగారు అడగనివ్వలేదు. చిన్న కూతురు ఇష్టపడింది, చేసుకుంది, ఇద్దరూ బాగానే ఉన్నారు. పెద్దల్లుడు కూడా ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ యేడు వానలు మొదలవుతుండగా మామగారి మోకాలికి ఆపరేషన్ చేశారు. అంతకుముందు ఆయన రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి, చేతిలో ఒక మసిగుడ్డ పెట్టుకుని మిషన్ల మధ్య తచ్చాడుతుండేవాడు. పెద్దాయనకి పొద్దు పోవద్దూ అనుకునేవారు అల్లుళ్ళు. ఇప్పుడు ఆయన ముందుగదిలో కాలు చాపుకుని కూర్చుని, గోడ గడియారాన్నీ కోడళ్ళు లేని ఇంటినీ తిట్టుకుంటూ ఉన్నాడు.

వాన పడితే గడ్డికి పండగే. ఈ వారం కోసింది వచ్చే వారానికి మోకాలికి తగులుతుంది. అందరి ఫోన్లూ ఒకేసారి. "మా వైపు ఎప్పుడొస్తారు?" "మొన్ననే రావాలిగా!" "పిల్లలు ఆడుకుంటున్నారు, పాములొస్తాయేమో!" పెద్దల్లుడు తిండి తినే టైము లేకుండా తిరుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే మిషన్లన్నీ కూడబలుక్కున్నట్టు పడకేశాయి.

ముందు చిన్న మిషన్ తాడు తెగింది. లాగిన ఊపుకి అతను వెనక్కి పడి, ఆ ఇంటావిడ పూలకుండీ మీద కూర్చున్నాడు. కుండీ పగిలింది. ఆవిడ కుండీ గురించి బాధపడింది గాని అతని నడుము సంగతి అడగలేదు. మర్నాడు అంచులు కత్తిరించే తీగ మిషన్లో తీగ చిక్కుపడింది. గట్టు మీద కూర్చుని దాన్ని విప్పుతుంటే పాత షాపులో దారం ఉండలు విప్పిన రోజులు గుర్తొచ్చాయి. దారం మాట వినేది, ఈ ప్లాస్టిక్ తీగ విప్పేకొద్దీ బిగుసుకుంది. ఆ తర్వాత ఒక డాక్టరుగారింట్లో, గడ్డిలో దాక్కుని ఉన్న నీళ్ళ గొట్టం మూతిని బ్లేడు ఎగరగొట్టేసింది. నీళ్ళు చివ్వున లేచి, అప్పుడే ఆసుపత్రికి బయల్దేరిన డాక్టరుగారిని నిలువునా తడిపేశాయి.

"ఇక్కడ గొట్టం ఉందని చెప్పాలి కదండీ!" అన్నాడు పెద్దల్లుడు, తనూ తడిసి ముద్దవుతూ.

"ఇక్కడ గొట్టం ఉందని చూసుకోవాలి కదయ్యా!" అన్నాడాయన.

ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఇద్దరికీ ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి భార్యకి చెప్తే ఆవిడ తువ్వాలు అందిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీకు నవ్వుగా ఉంది. రోజూ ఏదో ఒకటి విరుగుతుంది. మీ మరిది ఏరి ఏరి తెస్తాడు చెత్తంతా!"

"నాకు మరిది కాదు, చెల్లెలి మొగుడు. అయినా మిషన్లని మీరు తన్నడం నేను చూడలేదా? తన్నితే ఏ మిషన్ నడుస్తుందండీ?"

అతను తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు.

వాళ్ళకున్న ఖాతాదారుల్లో పెద్దది ఒక కంపెనీ ఆఫీసు. గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా ఒకటే పచ్చిక. దాన్ని చిన్న మిషన్తో కొయ్యడం మొదలుపెడితే ఈ చివర పూర్తయ్యేసరికి ఆ చివర మళ్ళీ పెరుగుతుంది. అందుకని చిన్నల్లుడు ఆ మధ్య కూర్చుని నడిపే పెద్ద మిషన్ ఒకటి తెచ్చాడు. దాన్ని ముద్దుగా ఏనుగనేవాడు. నిజం చెప్పాలంటే అతను తెచ్చినవాటిలో మంచిది అదొక్కటే. పెద్దల్లుడు కూడా దాని మీద కూర్చున్నప్పుడు కాస్త దర్జాగా ఉండేవాడు.

ఆ ఆఫీసు వ్యవహారాలు చూసే మేనేజరమ్మ గది రెండో అంతస్తులో ఉంది. కిటికీలోంచి కిందికి చూస్తే పచ్చికంతా కార్పెట్టులా కనిపిస్తుంది. కింద నిలబడ్డవాళ్ళకి తెలియని వంకర పైనుంచి ఆవిడకి తెలుస్తుంది. ఆ రోజు పొద్దున్నే ఆవిడ మెట్ల మీదే ఎదురొచ్చింది.

"రేపు మా కంపెనీ పెద్దవాళ్ళు వస్తున్నారు, పెద్దల్లుడుగారూ. ఇవాళ సాయంత్రానికి మొత్తం అయిపోవాలి. చారలు మీరు వేసేట్టే వెయ్యండి. ఫోటోలు తీస్తారట."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడం."

ఆ మాట అన్నందుకు తర్వాత చాలాసేపు తనని తాను తిట్టుకున్నాడు.

సగం దాకా అంతా బాగానే నడిచింది. ఎండ కాసింది, గడ్డి పైన తడి ఆరింది. చార పక్కన చార పడుతోంది. అన్నిరోజుల చిరాకూ కొద్దికొద్దిగా దిగిపోతున్నట్టనిపించింది. అప్పుడు ఏనుగు గొంతు మారింది. మామూలుగా గురగురమనేది కాస్తా టకటకమంది. అతనికి వినపడింది. వినపడింది గాని, ఈ చార చివరిదాకా వెళ్ళి చూద్దాంలే అనుకున్నాడు. చార మధ్యలో ఆపితే మచ్చ పడుతుంది కదా! చివరికి ఇంకా కాస్త దూరం ఉందనగా సీటు కింది నుంచి నీలం పొగ లేచింది. ఒక పెద్ద కుదుపు. అంతే, ఏనుగు ఉన్నచోటే కూలబడింది.

తాళం తిప్పాడు. కిర్రుమనలేదు. మళ్ళీ తిప్పాడు. దిగి తోశాడు, లాగాడు, తన్నాడు. చుట్టూ తిరిగి రెండో వైపు నుంచి కూడా తన్నాడు. బూటులో బొటనవేలు జివ్వుమంది. పైన కిటికీ తెరుచుకుంది. అతను తలెత్తలేదు.

చిన్నల్లుడికి ఫోను చేశాడు.

"నీ ఏనుగు చచ్చింది. వచ్చి మొయ్యి."

చిన్నల్లుడు తనతో పాటు మెకానిక్‌ని కూడా వెంటబెట్టుకుని వ్యానులో వచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు. "కంగారేం లేదన్నయ్యా, ప్లగ్గు అయ్యుంటుంది. లేకపోతే పెట్రోల్లో నీళ్ళు. మొన్న వాన పడిందిగా, మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుందంటే..."

"మూత నేను సరిగానే పెట్టాను."

"మీరు పెట్టలేదనట్లేదు. మాట వరసకి."

మెకానిక్ వంగి, ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే ఇనప పుల్ల బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. పుల్లని ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. చివర చిన్న మరక తప్ప ఏమీ లేదు.

"ఇంజన్ పట్టేసింది," అన్నాడు. "చుక్క లేదిందులో. ఇది ఆయిల్ తాగే బండి, రోజూ చూసుకోవాలి. ఆయిల్ ఎవరు పోస్తున్నారు?"

ఇద్దరల్లుళ్ళూ ఒకేసారి ఒకరి వైపు ఒకరు చూశారు.

"నువ్వు పోస్తున్నావనుకున్నాను," అన్నాడు పెద్దల్లుడు.

"నేనా? నడిపేది మీరు కదా! నడిపేవాళ్ళు చూసుకుంటారని..."

"కొన్నది నువ్వు. కొన్నప్పుడు చెప్పాలి కదా, ఇది తాగుబోతు బండి అని!"

"నాకు మాత్రం ఎవరు చెప్పారు? ఇన్నాళ్ళూ నడిచింది కదా! మీరు చూసుకుంటున్నారు కాబట్టే నడుస్తోందనుకున్నాను."

"అదే నీతో వచ్చిన చిక్కు. అన్నీ అనుకుంటావ్. పనికొస్తుందనుకుంటావ్, కొంటావ్. నేను చావాలి దానితో!"

"అన్నయ్యా, మీరు తన్నే తన్నులకి కొత్త మిషనైనా..."

అక్కడ ఆగుంటే బావుండేది. పెద్దల్లుడికి పూలకుండీ, చిక్కుపడ్డ తీగ, తడిసిన డాక్టరు, సగం కోసిన పచ్చిక, పైన తెరిచి ఉన్న కిటికీ, అన్నీ ఒక్కసారి తలకెక్కాయి. మాట తక్కువ మనిషి నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

"ఈ ఇంటికి నువ్వు తెచ్చిందేది తిన్నగా ఉంది? అన్నీ సెకండ్ హ్యాండే! మిషన్లూ సెకండ్ హ్యాండే, అల్లుడూ సెకండ్ హ్యాండే!"

మెకానిక్ చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. చిన్నల్లుడు ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. వ్యాను తాళాలు జేబులోంచి తీసి, ఏనుగు సీటు మీద పెట్టి, గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు. రోడ్డు మీదికి వెళ్ళాక కూడా వెనక్కి చూడలేదు.

"అనకుండా ఉండాల్సింది," అన్నాడు మెకానిక్.

"తెలుసు," అన్నాడు పెద్దల్లుడు. తెలుసు గాని కోపం దిగలేదు. కోపం ఉండగానే సిగ్గు కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది.

ఏనుగుని పలకలు వేసి వ్యానులోకి ఎక్కించారు. అది ఇద్దరికి మించిన పని. పలక ఒకసారి జారి పెద్దల్లుడి మోచెయ్యి గీరుకుపోయింది. మెకానిక్ దాన్ని తన షాపుకి తోలుకుపోయాడు. పెద్దల్లుడు మాత్రం వ్యానులోంచి దించుకున్న, కొత్త తాడు వేసిన చిన్న మిషన్తో మిగతా సగం మొదలుపెట్టాడు. అది నాలుగు చారలు కోసి ఆగేది. వేడెక్కింది కాబోలని కూర్చునేవాడు. చల్లారాక లాగేవాడు. మళ్ళీ నాలుగు చారలు. ఇంతలో మబ్బు పట్టి చినుకులు పడ్డాయి. తడిసిన గడ్డి బ్లేడుకి ముద్దలా అంటుకుంది. మిషన్ పక్కకి ఒరిగించి, పుల్లతో గీకి, మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ లాగి... ఆ మధ్యాహ్నమంతా అతను కోసింది తక్కువ, గీకింది ఎక్కువ.

సాయంత్రం మేనేజరమ్మ పైకి రమ్మంది. కిటికీ దగ్గరికి పిలిచి కిందికి చూపించింది.

అతను మొదటిసారి తన పని పైనుంచి చూశాడు. ఒక సగం నున్నగా, చారలు చారలుగా ఉంది. రెండో సగం చీమలు కొరికినట్టుంది. మధ్యలో ఏనుగు కూలబడిన చోట నల్లటి మచ్చ. మొత్తం మీద సగం గడ్డం గీయించుకుని మంగలి కుర్చీలోంచి లేచొచ్చిన మనిషి మొహంలా ఉంది.

"రేపు పొద్దున్నే వచ్చి సరిచేస్తాను మేడం."

"రేపు పొద్దున్నే వాళ్ళొస్తారు," అంది ఆవిడ. కోప్పడలేదు. కోప్పడితే కాస్త నయంగా ఉండేది.

ఇంటికి వెళ్ళేసరికి భార్యకి అంతా తెలిసిపోయింది. చెల్లెలు ఫోను చేసింది. ఆవిడ పళ్ళెం బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

"ఏమండీ, నిజంగానే అన్నారా ఆ మాట?"

"కోపంలో అన్నాను."

"నాకెన్నిసార్లు కోపం వచ్చింది మీ మీద! ఎప్పుడైనా అన్నానా షాపు పోయినవాడని, మా నాన్న పని ఇస్తే బతికినవాడని?"

అతను తల ఎత్తి చూశాడు. ఆవిడ అనలేదు, నిజమే. ఇప్పుడు అనేసింది. ఇద్దరూ కాసేపు ఆ మాటని చూస్తూ కూర్చున్నారు. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశారా ఎలా ఉంటుందో," అని లోపలికి వెళ్ళిపోయింది.

అన్నం సహించక అతను లేచి పక్క వాటాలో ఉన్న మామగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, పెద్ద మిషన్ పోయింది!"

"పెద్దమ్మ పోయిందా? ఎవరి పెద్దమ్మ?"

"మిషన్! మిషన్! ఇంజన్ పట్టేసింది! ఆయిల్ లేదు!"

ఆ ఆఖరి ముక్క వీధంతా వినపడేలా అరిచాడు. మామగారు కళ్ళు చికిలించాడు.

"లేకపోవడమేంటి? ఎవరూ పొయ్యలేదా?"

"ఎవరు పోస్తారు?"

"నేనే పోసేవాణ్ణి కదయ్యా రోజూ. మీరిద్దరూ టీలు తాగుతుంటే నేను షెడ్డులో ఏం చేస్తున్నాననుకున్నావ్? అన్ని మిషన్లకీ చూసేవాణ్ణి. ప్లగ్గు తుడిచేవాణ్ణి, బ్లేడు మరలు బిగించేవాణ్ణి. ఆ పెద్దదానికి రోజూ చారెడు తాగించాలి, దాని ఒంటి తీరే అంత. ఆపరేషనయ్యాక మీరు చూసుకుంటున్నారనుకున్నాను."

పెద్దల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. తాడు తెగడం, మరలు వదులవడం, ఇంజన్లు వేడెక్కడం, అంతా ఆపరేషన్ తర్వాతే. మిషన్లు కూడబలుక్కోలేదు. వాటిని చూసే మనిషి రాకుండా పోయాడు, అంతే. అర్థమయ్యాక మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా! ఇన్నేళ్ళు! ఒక్కసారి చెప్పొచ్చుగా!"

"మీరడగలేదుగా."

"ఉందని తెలిస్తే కదా అడగడానికి!"

మామగారు దిండు సర్దుకున్నాడు. "చూసి నేర్చుకుంటారనుకున్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "నాకెవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ చిన్నవాణ్ణి ఏమన్నా అన్నావా?"

అతను చెప్పలేదు. ఆయనకి వినపడేలా చెప్పాలంటే ఆ మాటని మళ్ళీ అరవాలి.

మర్నాడు పొద్దున్నే చిన్నల్లుడి ఇంటికి వెళ్తే మరదలు తలుపు సగమే తీసింది. "మెకానిక్ దగ్గర ఉన్నారు, బావగారూ," అంది. లోపలికి రమ్మనలేదు. మెకానిక్ షాపులో ఏనుగు ఇంజన్ ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచి ఉంది. చిన్నల్లుడు చేతులకి మసి పూసుకుని ఒక్కో ముక్కా తుడుస్తున్నాడు.

"ఆయిల్ మామయ్య పోసేవాడట," అన్నాడు పెద్దల్లుడు. దారంతా వేరే మాట అనాలనుకుంటూ వచ్చి ఇది అన్నాడు.

"తెలిసింది. మీరు రాత్రి అరిచింది మా ఇంటి దాకా వినపడింది."

"తమ్ముడూ, నిన్న కోపంలో నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

చిన్నల్లుడు చేతిలోని ముక్క కింద పెట్టాడు.

"కోపంలో అప్పటికప్పుడు పుట్టిన మాట కాదన్నయ్యా అది. ఎప్పట్నుంచో ఉంది మీ దగ్గర. నిన్న బయటికొచ్చింది. నేను ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అంటారనే చూస్తున్నాను. మీరంటారనుకోలేదు, అంతే."

పెద్దల్లుడికి కాదనడానికి లేదు. ఏదో ఒకరోజు మిషన్ తాడు లాగుతూ ఆ మాట తన మనసులో కట్టుకున్న సంగతి అతనికి గుర్తుంది. అప్పుడు అది తనకి నవ్వు తెప్పించింది కూడా.

"తప్పు," అన్నాడు. "చాలా తప్పు."

"సరే, పదండి. అక్కడ సగం పచ్చిక ఉంది కదా," అన్నాడు చిన్నల్లుడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. సరే అన్నది పని గురించి మాత్రమేనని ఇద్దరికీ తెలుసు.

మెకానిక్ దగ్గర ఒక మిషన్ అరువు తీసుకుని వెళ్ళారు. ఒకరు కోశారు, ఒకరు ఊడ్చారు. కార్లు వచ్చేసరికి ఇంకా మూల మిగిలే ఉంది. ఇంతలో వాన దంచికొట్టింది. వచ్చిన పెద్దవాళ్ళు కార్లు దిగి, గొడుగుల కింద తలలు వంచుకుని, పచ్చిక వంకైనా చూడకుండా మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయారు. ఫోటోలు లోపల హాల్లో తీసుకున్నారట. ఇద్దరల్లుళ్ళూ చూరు కింద నీళ్ళు కారుతూ నిలబడి అదంతా చూశారు. ఇంకో రోజైతే చిన్నల్లుడు దాని మీద వారం రోజులకి సరిపడా జోకులు వేసేవాడు. ఆ రోజు టోపీ పిండుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ నెలాఖరుకి మేనేజరమ్మ ఫోను చేసి, ఇకనుంచి వేరేవాళ్ళు వస్తారని మర్యాదగానే చెప్పింది.

తర్వాత చాలా రోజులు వాళ్ళిద్దరి మధ్య మాటలంటే పని మాటలే. "తాడు." "పెట్రోలు." "అటు పట్టుకోండి." వ్యానులో అంత నిశ్శబ్దం పెద్దల్లుడు ఒకప్పుడు కోరుకున్నదే. ఇప్పుడది చెవుల్లో హోరెత్తేది. వాన కురిసి పని లేని పొద్దుల్లో మామగారు కర్ర ఊతంతో షెడ్డుకి వచ్చి, ఇద్దర్నీ నిలబెట్టి నేర్పించడం మొదలుపెట్టాడు. ఆయనకి నేర్పడం రాదు. "ఇలా" అంటాడు, "అలా కాదు" అంటాడు, ఇలా అంటే ఏమిటో చెప్పడు. పెద్దల్లుడికి ఓపిక నశించేది. అయినా మరలు వదులైతే చేతికెలా తెలుస్తుందో, ఆయిల్ మసైపోతే వేళ్ళ మధ్య ఎలా ఉంటుందో మెల్లమెల్లగా పట్టుబడింది. చిన్నల్లుడికి ఇంకా తొందరగా పట్టుబడింది. తనకంటే ముందు అతనికి రావడం పెద్దల్లుడికి కాస్త గుచ్చుకుంది. మిషన్ని తన్నబోయి కాలు వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి, తన్నేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఏనుగు బాగుపడి వచ్చాక ఒక బడి ఆవరణ పని దొరికింది. మొదటి రోజు వెళ్తుంటే, ఏనుగుని మోసుకెళ్ళడానికి ఈమధ్యే వ్యాను వెనక తగిలించిన ట్రాలీ చక్రం నడిరోడ్డు మీద పంక్చరయింది. మారు చక్రం ఉంది గాని, దాన్ని విప్పే పానా షెడ్డులో ఉండిపోయింది. నీడ లేదు. మెకానిక్‌కి ఫోను చేస్తే వస్తానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. పెద్దల్లుడు ట్రాలీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆయిల్ చూసుకున్నాడు, ప్లగ్గు చూసుకున్నాడు, మరలు చూసుకున్నాడు. చక్రం ఎవరు చూడాలి? దేవుడా, ఇంకా ఎన్ని చూడాలి?

చిన్నల్లుడు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, చాలాసేపు రోడ్డు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, నిన్న సంతలో ఒక ట్రాలీ చూశాను. రెండు చక్రాలు కాదు, నాలుగు. ఒకటి పోయినా మూడుంటాయి కదా! తుప్పు పట్టింది, కాదనను. కాకపోతే ఆ తుప్పు పైపైనే అన్నయ్యా, గీకి చూశాను కూడా. అమ్మేవాడు ఏమన్నాడంటే..."

పెద్దల్లుడికి ఎండ నెత్తిమీద మాడుతోంది, చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగు చక్రాలంటే నాలుగు పంక్చర్లు అనబోయాడు. అనలేదు. వచ్చి పక్క రాయి మీద కూర్చున్నాడు. చిన్నల్లుడు అమ్మేవాడేమన్నాడో చెప్పాడు, తను దానికేమన్నాడో చెప్పాడు, వాడి ట్రాలీ కథా, వాడి బావమరిది కథా చెప్పాడు. పెద్దల్లుడు ఎక్కడా అడ్డు తగలకుండా చివరిదాకా విన్నాడు.

"కొనేముందు మెకానిక్‌ని తీసుకెళ్దాం," అన్నాడు చివరికి. "నేనూ వస్తాను."

"మీరొస్తే తన్ని చూస్తారు."

"తన్నినా విరక్కపోతే కొందాం."

చిన్నల్లుడు నవ్వలేదు గాని, మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. మెకానిక్ ఇంకా రాలేదు. బడివాళ్ళు ఫోను చేస్తూనే ఉన్నారు.